పచ్చగా ఉన్న నాలుగో పంపు గది

మేమంతా ఎజె, అంటే అక్క, అని పిలిచే బూరుల్ పేరును సోవెత్‌బెక్ గేటు ముందు నిలబడి రెండొందల మందికి వినపడేలా చెప్పాడు. నేను పై అంతస్తు కిటికీ దగ్గర నుంచి విన్నాను. "డ్యూటీలో ఉన్న ఆపరేటర్ బూరుల్ నిర్లక్ష్యం వల్లే ఇదంతా. ఆవిడ మీద చర్య తీసుకుంటున్నాం," అన్నాడు. గుంపులోంచి ఎవరో బూతు తిట్టారు. అతను ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని లోపలికి వచ్చేశాడు. మైనస్ ముప్పై ఒకటిలో అంతకంటే పొడుగ్గా ఎవరూ మాట్లాడరు, నిజమే. కానీ ఆ రెండు ముక్కలతో ఒక మనిషి ఇరవై ఆరేళ్ల ఉద్యోగాన్ని తీసుకెళ్లి మంచులో పారబోశాడు.

మా అక్-కేచూ ఊరంతటికీ వేడినీళ్లు పంపే బాయిలర్ కేంద్రానికి సోవెత్‌బెక్ పెద్ద అధికారి. నేను అక్కడ నెట్‌వర్క్ ఇంజనీరుని, పేరు ఉముతాయ్. బాయిలర్లో కాగిన నీళ్లు ఐదు పంపు గదుల మీదుగా ఊళ్లోకి వెళ్తాయి. ఆ గదుల్లో మనుషులుండరు. ఒక్కో గది నుంచి ఒక్కో లైను వచ్చి కంట్రోల్ రూములోని స్విచ్‌లో చేరుతుంది. ఇరవై నాలుగు కేబుళ్లు గుచ్చిన ఇనప పెట్టె అది. ఏ కేబుల్ బతికుందో, ఏది చచ్చిందో మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ నిమిషానికోసారి ఆ పెట్టెని అడుగుతుంది. వచ్చిన జవాబును గోడ మీది పెద్ద తెరపై చోటుకో గడి చొప్పున చూపిస్తుంది. పచ్చగా ఉంటే లైను బాగున్నట్టు. ఎర్రబడితే ఆపరేటర్ ఫోనెత్తి మనిషిని పరిగెత్తించాలి.

మంగళవారం మధ్యాహ్నం నాలుగో పంపు గదిలో కరెంటు పోయింది. పంపు ఆగింది, దాంతోపాటే లైనూ చచ్చింది. తెర మీద మాత్రం ఆ గడి పచ్చగానే ఉంది. కిండర్‌గార్టెన్ వంటమనిషి ఫోన్ చేసి, రేడియేటర్లు మంచుగడ్డల్లా ఉన్నాయని కేకలేస్తే గాని సంగతి తెలియలేదు. అప్పటికి మూడున్నర గంటలు దాటిపోయాయి. గోడల పక్కనున్న గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టాయి. ముప్పై ఒక్క మంది పిల్లల్ని దుప్పట్లలో చుట్టి బయటికి మోసుకొచ్చారు. మూడు ఐదంతస్తుల భవనాల్లో రేడియేటర్లు పగిలాయి. ఆ నీళ్లు మెట్ల మీద పారి, పారినచోటే గాజులా బిగుసుకున్నాయి. ఒక ముసలాయన జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

బుధవారం పొద్దున ఊరు మా గేటు ముందుకు వచ్చింది. సోవెత్‌బెక్‌కు ఒక పేరు కావలసి వచ్చింది. ఒకటి దొరికింది.

గేటు దగ్గరి నుంచి నేరుగా తన గదికి వెళ్లి బూరుల్ ఎజెనీ నన్నూ పిలిపించాడు. ఆమె ముందు తెల్లకాగితం, కలం పెట్టాడు.

"సంజాయిషీ రాయి."

బడిలో ఆమె అతని కంటే రెండు తరగతులు ముందు. ఏనాడూ అతన్ని 'మీరు' అన్లేదు. "ఏం రాయమంటావ్?" అంది.

"జరిగింది రాయి. కునుకు తీశావో, చాయ్ తాగుతూ కబుర్లు చెప్పుకున్నావో."

"నా కుర్చీలో ఉన్నా. అదే రాస్తా."

"కుర్చీలో ఉంటే కళ్లేం చేస్తున్నాయి మరి? పంపు ఆగిపోయి మూడున్నర గంటలైతే నీకు కనపడలా?"

"తెర మీద పచ్చగా ఉంది సోవెత్‌బెక్."

"పచ్చగా ఉందట." నా వైపు చూసి నవ్వబోయాడు, నేను నవ్వలేదు. "గడిలో ఒత్తిడి అంకె చూశావా? నాలుగు పాయింట్ రెండు. మూడున్నర గంటలూ అదే నాలుగు పాయింట్ రెండు. లైను తెగితే చివరి అంకె అక్కడే ఉండిపోతుందని నీకు తెలీదా? కదలని అంకె చూస్తే అనుమానం రావద్దా?"

"అంతా బాగున్న రోజున అంకె కదలదు. కదిలితేనే నేను అనుమానపడేది."

అతను గొంతు పెంచాడు. "నీ వయసు అయిపోయింది ఎజె. ఇంకా రెండేళ్లుంది పింఛనుకి, నేను కాదన్ను. కానీ చూపు లేని మనిషి ఆ కుర్చీలో ఎందుకు?"

బూరుల్ ఎజె కాగితం మీద ఒక వాక్యం రాసి సంతకం పెట్టింది. సంచిలోంచి డ్యూటీ పుస్తకం తీసి బల్ల మీద పడేసింది. "రాయాల్సింది ఇందులో ఎప్పుడో రాశా. చదువుకునే ఓపిక ఉంటే చదువుకో." తలుపు వేయకుండానే వెళ్లిపోయింది.

అతను ఆ పుస్తకం తెరవలేదు. నేను తీసుకెళ్లాను.

మంగళవారం పేజీ ఇలా ఉంది, ఆమె గుండ్రటి అక్షరాల్లో: 'పన్నెండు యాభై. గోదాం గడి ఎర్రబడింది. కాపలా జుమాష్‌కు ఫోన్ చేశాను. అన్నీ బాగున్నాయన్నాడు. ఒకటింబావు. గోదాం ఇంకా ఎర్రగానే ఉంది. మళ్లీ చేశాను. లైట్లున్నాయి, కెమెరా ఉంది, నన్ను వదులు అన్నాడు. రెండు ఐదు. ఉముతాయ్‌కు చెప్పాను. గోదామే కదా, రేపు చూస్తానంది.'

చివరి వాక్యాన్ని నేను మూడుసార్లు చదివాను. అవును, అన్నాను. చేతిలో వేరే పని ఉంది. ఖాళీ డబ్బాలు, పాత వాల్వులు పడేసే గోదాం కెమెరా కోసం ఆ చలిలో ఎవరు పరిగెత్తుతారు అనుకున్నాను. ముఖం వేడెక్కింది. సోవెత్‌బెక్ మీద మండుతున్న నా కోపం అక్కడ నావైపు ఒకసారి తిరిగింది.

కానీ పుస్తకంలో ఒక ముల్లు ఉంది. గోదాం బాగుంది, గడి ఎర్రగా ఉంది. పంపు గది చచ్చింది, గడి పచ్చగా ఉంది. రెండూ ఒకే మధ్యాహ్నం.

స్విచ్ తన దినచర్య తానే రాసుకుంటుంది. దాన్ని తెరిచాను. 'పన్నెండు నలభై ఎనిమిది, ఏడో పోర్టు పడిపోయింది. నాలుగు ముప్పై నాలుగు, ఏడో పోర్టు లేచింది.' ఏడో పోర్టు, అంటే ఏడో కేబుల్ గుచ్చే చోటు, నాలుగో పంపు గదిది. అంటే స్విచ్‌కు అంతా తెలుసు. తర్వాత మానిటరింగ్ చరిత్ర తెరిచాను. అందులో ఏడో నంబరు రోజంతా పచ్చగా ఉంది. ఎనిమిది, అంటే గోదాం, పన్నెండు నలభై ఎనిమిదికి ఎర్రబడి నాలుగు ముప్పై నాలుగుకు పచ్చబడింది. నిమిషం కూడా తేడా లేదు. ఒకటే చావు, వేరే పేరు మీద.

లేచి వెళ్లి గోదాం కేబుల్ ఊడబీకి వెనక్కి తిరిగి తెర చూశాను. గోదాం పచ్చగానే ఉంది. దాని పక్కనున్న గరాజ్ ఎర్రబడింది. కేబుల్ మళ్లీ పెట్టాను. గరాజ్ కేబుల్ లాగాను. క్యాంటీన్ ఎర్రబడింది.

మూడు వారాల కింద ఈ స్విచ్‌తోపాటు పంపు గదుల్లోని స్విచ్‌ల ఫర్మ్‌వేర్, అంటే వాటిని లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం, మార్చారు. రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన కాంట్రాక్టు సంస్థ కుర్రవాడు డానియార్ మార్చాడు. పాత ఫర్మ్‌వేర్‌లో ముందువైపున్న మొదటి పోర్టుది ఒకటో నంబరు. కొత్తది ఆ నంబరును పెట్టె వెనకున్న చిన్న పోర్టుకు ఇచ్చింది. అది ఎవరూ వాడని పోర్టు. దాంతో మిగతావన్నీ ఒక్కో అంకె జరిగాయి. ఈ మాట మానిటరింగ్‌కు ఎవరూ చెప్పలేదు. అది పాత లెక్కనే అడుగుతోంది: ఏడు బాగుందా? బాగుందని స్విచ్ నిజమే చెబుతోంది. కాకపోతే దాని లెక్కలో ఇప్పుడు ఏడంటే మూడో పంపు గది. మూడు వారాలుగా మా తెర మీద పక్కింటివాళ్ల ఆరోగ్యం చూసి మేం బాగున్నామనుకుంటున్నాం.

డానియార్‌కు ఫోన్ చేశాను.

"పోర్టు నంబర్లు జరిగాయి డానియార్. ఫర్మ్‌వేర్ మార్చినప్పుడే."

"అవునెజె. ఆ వెర్షన్‌లో అట్లా అవుతుంది."

"నీకు తెలుసా?"

"అప్పుడు తెలీదు. కొత్త సంవత్సరం అయ్యాక ఇంకో ఊళ్లో ఇట్లాగే అయితే తెలిసింది."

"కొత్త సంవత్సరం అయి పది రోజులు. చెప్పలేదేం?"

"మీరు సంతకం పెట్టేశారు కదా ఎజె. అంగీకార పత్రం అయ్యాక మాకు సంబంధం లేదు. మా పై వాళ్లు కూడా అడిగితే చెప్పు, అడక్కపోతే ఎందుకన్నారు."

"ఏడో పోర్టు వెనక పిల్లల బడి ఉంది."

"నాకేం తెలుసు ఎజె, నాకు అవి పోర్టులు."

నేను ఏం తిట్టానో ఇక్కడ రాయను. అతను ఫోన్ పెట్టేసేదాకా తిట్టాను, పెట్టేశాక కూడా కొంతసేపు తిట్టాను.

కానీ సంతకం నాదే. ఆ రోజు బాగా గుర్తుంది. ఫర్మ్‌వేర్ మార్చగానే తెరంతా బూడిదరంగు అయిపోయింది, ఒక్క గడికీ ప్రాణం లేదు. మానిటరింగ్ స్విచ్‌ను అడగడానికి వాడే రహస్యపదం కొత్త ఫర్మ్‌వేర్‌లో చెరిగిపోయింది. అది పట్టుకుని మళ్లీ పెట్టేసరికి రెండు గంటలు పట్టింది. గడులన్నీ ఒక్కసారి పచ్చగా వెలిగాయి, నేనే చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత, "ఒక్కో కేబుల్ ఊడదీసి సరైన గడే ఎర్రబడుతుందో లేదో చూడాలి, మధ్యాహ్నం దాకా పడుతుంది," అన్నాను. సోవెత్‌బెక్ డానియార్ కోసం గొర్రెను కోయించాడు. అప్పటికే ఆ మాంసంతో వండిన బెష్‌బర్మాక్ ఆవిర్లు పోతోంది. "అన్నీ పచ్చగా ఉన్నాయా లేవా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "ఇంకేంటి మరి? ఉడికిన మాంసం పక్కన పెట్టుకుని ఎముకలు లెక్కపెడతావా? సంతకం పెట్టు." పెట్టాను. 'మానిటరింగ్ పూర్తిగా పరీక్షించబడింది' అన్న వాక్యం కింద పెట్టాను. భోజనానికి కూడా వెళ్లాను.

ఇదంతా పట్టుకుని మళ్లీ సోవెత్‌బెక్ గదికి వెళ్లాను. అతను చివరిదాకా విన్నాడు. ఎక్కడా ఆశ్చర్యపోలేదు. అది చూసి నాకు మండింది.

"సాయంత్రానికల్లా నంబర్లు సరిచేసెయ్," అన్నాడు.

"చేస్తాను బైకె." పెద్దన్నను పిలిచినట్టు అతన్ని అలాగే పిలుస్తాం. "మరి బూరుల్ ఎజె?"

"రేపు కమిషన్ వస్తోంది. సంజాయిషీ ఉంది, వాళ్లు కాగితం చూసుకుంటారు, పోతారు. ఆవిడకి గౌరవంగా వీడ్కోలు ఇద్దాం. దుప్పటి కప్పుదాం, చపాన్ కోటు తొడుగుదాం."

"ఆవిడ తప్పేం లేదు. గడి ఎర్రబడిన రెండో నిమిషంలో ఫోన్ చేసింది. మన తెరే ఆవిడకు అబద్ధం చెప్పింది."

"నెమ్మదిగా మాట్లాడు. తెర అబద్ధం చెప్పిందంటే తెరను ఒప్పుకున్నదెవరని అడుగుతారు. కాగితం మీద సంతకం ఎవరిది, నాదా?"

"నాది. మీరు పెట్టమంటే పెట్టాను."

"నేను అన్నట్టు ఎక్కడన్నా రాసుందా?" కుర్చీలో వెనక్కి వాలాడు. "నీకు ముప్పై నాలుగేళ్లు. ఈ ఊళ్లో నీ చదువుకి ఇంకో ఉద్యోగం లేదు. బూరుల్ ఇంకో రెండేళ్లలో ఎలాగూ వెళ్లేదే. కూచుని ఆలోచించుకో."

ఎంత తేలిగ్గా అన్నాడంటే, చలికాలం ముందు మందలో ఏ గొర్రెను తీసేయాలో ఎంచుతున్నట్టు అన్నాడు. "నంబర్లు సరిచేస్తే రేపు చూపించడానికి ఏమీ మిగలదు. కమిషన్ చూసేదాకా నేను ముట్టుకోను," అన్నాను.

"ఈలోగా ఇంకో పంపు ఆగితే?"

అది సరైన ప్రశ్నే, అడిగింది అతనే అయినా. ఆ సాయంత్రం ఏ గడి వెనక ఏ చోటు ఉందో పెద్ద అక్షరాలతో రాసి తెర కింద అంటించాను. షిఫ్టులో ఉన్న ఇద్దరికీ దగ్గరుండి చెప్పాను. రెండు గంటలకోసారి ఐదు పంపు గదులూ తిరిగి రావడానికి డ్రైవర్‌ను ఒప్పించాను. అప్పుడు బూరుల్ ఎజె ఇంటికి బయల్దేరాను.

ఆమె ఇల్లు కూడా నాలుగో పంపు గది కిందిదేనని మెట్ల మీది మంచు గడ్డ చూశాకే గుర్తొచ్చింది. మూడో అంతస్తు. తలుపు తీసినప్పుడు ఆమె కోటు వేసుకునే ఉంది. గదిలో పగిలిన రేడియేటర్ కింద బకెట్ ఉంది. కరెంటు పొయ్యి ముందు ఆరేసిన తివాచీ మీంచి ఆవిరి లేస్తోంది. ఎదురింటావిడ నన్ను చూసి, "ఆ నిద్రమొహం దానింటికా?" అని తలుపేసుకుంది. వినపడాలనే అంది.

నిలబడే చెప్పాను అంతా. నంబర్లు ఎలా జరిగాయో, పుస్తకంలో రాసింది ఎంత నిజమో చెప్పాను. ఆమె ముఖం కొంచెం కొంచెంగా తేలికపడటం చూశాను. సంతకం సంగతి దాచి ఉంటే అలాగే ఉండేదేమో.

"ఒప్పుకున్నట్టు సంతకం పెట్టింది నేనే ఎజె. కేబుళ్లు లాగి చూడకుండా."

"తెలుసు," అంది. "ఆ రోజు నేను షిఫ్టులోనే ఉన్నా. వాడు మాంసం అనడం, నువ్వు పెన్ను తీయడం చూశా."

"మరి పొద్దున ఎందుకు అన్లేదు?"

"నువ్వు అంటావేమో చూద్దామని." ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు సులువుగా ఉండేది. "వాడు నన్ను చూపు లేనిదాన్ని అంటుంటే నువ్వు పక్కనే నిలబడ్డావ్. 'గోదాం ఎర్రగా ఉందని ఈవిడ నాకు చెప్పింది, నేనే రేపన్నా'. ఈ ఒక్క ముక్క అనడానికి నీకు నోరు రాలా. వాడికి నేను ఎప్పట్నుంచో గిట్టను, వాడి సంగతి నాకు తెలుసు. నిన్ను నేను కూచోబెట్టి ఆ తెర చదవడం నేర్పించా పిల్లా. మొదటి చలికాలం నీ షిఫ్టుల్లో సగం నేను కూచున్నా."

"రేపు అందరి ముందూ చెప్తాను."

"చెప్పు. నా కోసం కాదు. బజార్లో రొట్టెలమ్మే ఆవిడ ఇవాళ నాకు రొట్టె ఇవ్వలా, చిన్నపిల్లల్ని చలికి వదిలేసినదానికి ఇవ్వనంది. పన్నెండేళ్లుగా అక్కడే కొంటున్నా."

కూర్చోమనలేదు. బల్ల మీద నిన్నటి రొట్టె ఉంది. తుంచి నోట్లో వేసుకోమనలేదు. మా దగ్గర శత్రువు వచ్చినా ఒక తునక పెడతారు. నేను మెట్లు దిగుతుంటే కళ్లు మండాయి. జాలితో కాదు, నా మీద నాకు పుట్టిన కోపంతో.

గురువారం పది గంటలకు కమిషన్ కంట్రోల్ రూముకు వచ్చింది. నగర పాలక సంఘం నుంచి ఇద్దరు. ఒకాయన మొదటినుంచి చివరిదాకా ఫోన్ చూసుకున్నాడు. రెండో ఆమె అనార్కాన్, బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరై సంఘంలో సభ్యురాలైంది. ఊళ్లో సగం మంది ఆమె దగ్గర చీవాట్లు తిన్నవాళ్లే, సోవెత్‌బెక్‌తో సహా. సంస్థ తరఫున మాట్లాడటానికి డానియార్ తెల్లవారకముందే బయల్దేరి వచ్చాడు. బూరుల్ ఎజె గోడవారగా నిలబడింది. సోవెత్‌బెక్ సంజాయిషీ చదివాడు: "'నేను నా కుర్చీలో ఉన్నాను.' ఇంతే రాసింది. పశ్చాత్తాపం కూడా లేదు."

"వ్యవస్థ బాగానే ఉంది," డానియార్ అందుకున్నాడు. "చూడండి, అన్నీ పచ్చగా ఉన్నాయి."

"అనార్కాన్ ఎజె, ఒక్క నిమిషం ఇలా రండి," అన్నాను. గాజు తలుపు తీసి స్విచ్ చూపించాను. "ఈ కేబుల్ మీద ఏం రాసుంది?"

ఆమె కళ్లద్దాలు సర్దుకుంది. "నాలుగో పంపు గది."

"లాగెయ్యండి."

"అవసరం లేదు," డానియార్ ముందుకొచ్చాడు, "నడుస్తున్న లైను అట్లా తీయకూడదు..."

"నడుస్తున్న లైను తీస్తే ఏమవ్వాలో అదవుతుందా లేదా చూస్తా. నువ్వు పక్కకి జరుగు నాన్నా," అని ఆమె కేబుల్ లాగేసింది.

అందరం తెర వైపు తిరిగాం. నాలుగో పంపు గది పచ్చగా ఉంది. ఒత్తిడి నాలుగు పాయింట్ మూడు. కింది వరుసలో గోదాం ఎర్రబడి అలారం మోగింది.

బూరుల్ ఎజె గోడ వదిలి తన కుర్చీ దగ్గరికి నడిచింది. కూర్చోలేదు. ఫోనెత్తి, స్పీకర్ పెట్టి, నంబరు నొక్కింది.

"జుమాష్, గోదాం లైను ఎర్రగా ఉంది. అంతా బాగుందా?"

"మళ్లీ మొదలెట్టావా తల్లీ?" కాపలా గొంతు గదంతా వినిపించింది. "మంగళవారం రెండుసార్లు చెప్పా కదా. ఇక్కడ ఏ రోగమూ లేదు. లైట్లున్నాయి, కెమెరా ఉంది, కుక్క ఉంది, నేనున్నా. నీ తెరకే ఏదో అయ్యింది, డాక్టరుకి చూపించుకో."

ఆమె ఫోన్ పెట్టేసింది. అనార్కాన్ ఎజె నవ్వలేదు. డ్యూటీ పుస్తకం అడిగి తీసుకుని మంగళవారం పేజీ నిలబడే చదివింది. 'ఉముతాయ్‌కు చెప్పాను' దగ్గర ఆగి నన్ను చూసింది.

"నిజమే," అన్నాను. "నాకు చెప్పింది. రేపు చూస్తానన్నాను. ఫర్మ్‌వేర్ మార్చిన రోజు పరీక్ష చేయకుండా పత్రం మీద సంతకం పెట్టిందీ నేనే. సంజాయిషీ రాయాల్సింది నేను."

"విన్నారుగా," సోవెత్‌బెక్ వెంటనే పట్టుకున్నాడు. "తనే ఒప్పుకుంది. ఈ సంగతి నా దగ్గర దాచింది. ఇంజనీర్ బాధ్యతారాహిత్యం."

నిన్న ఆపరేటర్, ఇవాళ ఇంజనీర్. అతని నోట్లో వాక్యం అదే, పేరు మాత్రం మారింది. "దాచానా?" అన్నాను. "నిన్న మీ గదిలో నిలబడి చెప్పాను. సాయంత్రానికి గుట్టుగా సరిచేయమన్నారు. ఆవిడకు చపాన్ తొడుగుదామన్నారు. పరీక్షకు మధ్యాహ్నం దాకా పడుతుందంటే మాంసం ఉడికింది, సంతకం పెట్టమన్నది మీరు."

"నేను అలా అన్లేదు."

"అన్నావు," అంది బూరుల్ ఎజె. నా వైపు చూడలేదు. "ఎముకలు లెక్కపెడతావా అన్నావు. నేను ఈ కుర్చీలోనే ఉన్నా. ఆ రోజూ కుర్చీలోనే ఉన్నా, సోవెత్‌బెక్. నాకు చూపు లేకపోతే లేదు. చెవులున్నాయి."

అనార్కాన్ ఎజె డానియార్‌ని అడిగింది: నంబర్లు జరుగుతాయని ఎప్పుడు తెలిసింది? అతను కొత్త సంవత్సరం అన్నాడు, ఫోన్లో నాకు చెప్పానని గుర్తొచ్చి ఉంటుంది. "పది రోజులు," అందామె. "పది రోజులు ఈ ఊరికి చెప్పకుండా నీ దగ్గర పెట్టుకున్నావ్. మీ అమ్మ ఎక్కడుంటుంది?" బిష్కెక్‌లో అన్నాడు. "అక్కడ ఎంత చలి?" అతను తలొంచుకున్నాడు.

మరుసటి రోజు నోటీసు బోర్డులో కాగితం అంటించారు: 'సాంకేతిక లోపం కారణంగా'. ఎవరి పేరూ లేదు. బూరుల్ ఎజె విధుల్లో చేరవచ్చు అని చివర ఒక వాక్యం. ఆమె ఆ కాగితాన్ని పీకి సోవెత్‌బెక్ గదిలోకి తీసుకెళ్లింది. తలుపు ఈసారి కూడా వేయలేదు, కారిడార్లో అందరం విన్నాం.

"నా పేరు నోటితో తీశావ్. నోటితోనే వెనక్కి తీసుకో. కాగితం నాకొద్దు."

"ఎజె, ఊరుకో, అయిపోయింది కదా."

"నీకు అయిపోయింది. నాకు బజార్లో రొట్టె లేదు."

సోమవారం కిండర్‌గార్టెన్ మళ్లీ తెరిచారు. పిల్లల్ని దింపడానికి తల్లిదండ్రులు వచ్చే వేళకు సోవెత్‌బెక్ మెట్ల మీద నిలబడ్డాడు. అనార్కాన్ ఎజె పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. పరీక్షలో కాపీ కొట్టేవాడిని కాచుకున్నట్టు ఉందామె. ఆపరేటర్ బూరుల్ తప్పేమీ లేదని, ఆమె వెంటనే స్పందించిందని, పరికరాలను సరిగా పరీక్షించకుండా ఒప్పుకున్నామని, తను క్షమాపణ కోరుతున్నానని చెప్పాడు. నాలుగు వాక్యాలు. అంతకుముందు రెండు వాక్యాలకు తీసుకున్న సమయం కంటే తక్కువలో చెప్పేశాడు. అతని ఉద్యోగం పోలేదు. నా ఫైల్లో కఠిన మందలింపు చేరింది. డానియార్ సంస్థ వాడిని వేరే ఊళ్లకు పంపింది, మా ఊరికి ఇంకొకణ్ని పంపింది.

బూరుల్ ఎజె అక్కడ లేదు. షిఫ్టులో ఉంది. నాతో పని మాటలు తప్ప ఏమీ మాట్లాడదు. "మూడో గది ఒత్తిడి తగ్గింది, చూడు." "చూశాను ఎజె." అంతే.

మెట్లు దిగుతుంటే ఒక తల్లి నన్ను ఆపింది. చేతిలో చిన్నపిల్ల ఉంది, మఫ్లర్‌లోంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. "ఒప్పుకున్నాం అన్నాడే ఆయన. ఆ సంతకం పెట్టిందెవరు?" అంది.

"నేను."

పిల్లను కింద దించింది. తర్వాత ఆ మెట్ల దగ్గరే, అందరూ దాటి పోతుండగా, నన్ను కడిగేసింది. పాప ఐదు రాత్రులు దగ్గిందంది. నీకు పిల్లలున్నారా అంది. లేరన్నాను, అందుకే అంది. చదువుకున్నదానివి, ఒక్క తీగ లాగి చూడ్డానికి నీకేం పోయింది అంది. పరికరం అని, ఫర్మ్‌వేర్ అని, నంబర్లు జరిగాయని చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి. ఒక్కటీ చెప్పలేదు. ఆమె అలిసిపోయేదాకా నిలబడి విన్నాను.

పాప ఆమె కోటు లాగింది. ఆమె పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లింది. నేను బస్సెక్కి రెండో పంపు గదికి వెళ్లాను. అక్కడి స్విచ్‌లో ఇంకా పదహారు కేబుళ్లు లాగి చూడాల్సి ఉంది.